సీటు ఇవ్వనందుకు కృతజ్ఞతలు

గత వేసవి చివర్లో, మూడు వారాల వ్యవధిలో, నేను ఏడు కృతజ్ఞతా లేఖలు రాయించాను. వాటిలో ఒక్కటి కూడా నా పేరు మీద వెళ్ళలేదు. ఏడింటి నకళ్ళూ నా దగ్గర ఉన్నాయి. ప్రతి నకలుకూ కుడివైపు పైమూలలో పంపిన తేదీ, గంట, నిమిషం వేసి ఉన్నాయి. మర్యాద మనసులో ఉంటే చాలదు, కాగితం మీద ఉండాలి, కాగితం మీద దానికొక వేళ ఉండాలి అన్నది నా నమ్మకం. ఆ నమ్మకం ఒక అమ్మాయిని ఎక్కడి నుంచి ఎక్కడికి చేర్చిందో తేదీలతో సహా రాయడం నా బాధ్యత. ఎందుకంటే తేదీలన్నీ నా దగ్గరే ఉన్నాయి, తప్పు కూడా నాదే.

నేను కొత్తవలస నుంచి కిరండూలు పోయే లైనులో ముప్పై ఆరేళ్ళు స్టేషన్ మాస్టరుగా పనిచేశాను. మాది విజయనగరం వైపు. ఉద్యోగం అయిపోయాక అటు పోయి చేసేదేమీ కనపడలేదు. దంతెవాడలోనే ఉండిపోయాం. ఈ కథ అర్థం కావాలంటే నా ఉద్యోగంలోని ఒక పద్ధతి చెప్పాలి. ఒంటి లైను మీద రైలు పంపాలంటే ముందు అవతలి స్టేషను మాస్టరు ఫోనులో లైను ఖాళీగా ఉందని చెప్పాలి. అతను చెప్పాడు, నేను విన్నాను అంటే సరిపోదు. అతని మాటను నేను ఉన్నదున్నట్టు తిరిగి అతనికి వినిపించాలి. అప్పుడు అతను తన దగ్గరున్న అచ్చు కాగితం నుంచి ఒక అంకె చదువుతాడు. దాన్ని ప్రైవేట్ నంబరు అంటారు. ఇద్దరం రిజిస్టర్లలో రాసుకుంటాం. అంకె వచ్చిందంటే మాట ముగిసింది, రైలు కదలవచ్చు. అంకె రాలేదంటే అవతల ఉన్నది నా తోడబుట్టినవాడైనా రైలు కదలదు. ముప్పై ఆరేళ్ళలో ఒక్క మాట కూడా నేను సగంలో వదిలిపెట్టలేదు. ఇంట్లో కూడా వదలలేదని మా ఆవిడ అంటుంది. పెళ్ళైన కొత్తలో ఉప్పు తెమ్మంటే "ఉప్పు, అరకిలో, సాయంత్రం లోపు" అని తిరిగి చెప్పి, ఆమె సరే అనేదాకా గుమ్మం దాటేవాణ్ని కాదట. ఇది ఆమె వెక్కిరింతగా చెబుతుంది. అందులో వెక్కిరించవలసినది ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ అమ్మాయి మా ఇంటి వెనక గదిలో మూడేళ్ళు అద్దెకు ఉంది. ఎర్రబోరు నుంచి లోపలికి వెళితే వాళ్ళ ఊరు. తల్లిదండ్రులు వ్యవసాయం చేస్తారు, ఎండాకాలం అడవికి పోతారు. ఈమె ఇక్కడి కాలేజీలో బీఎస్సీ చదువుకుంది. వచ్చిన మొదటి వారంలోనే మా పంపు నీళ్ళు ఒక గ్లాసులో పట్టి కిటికీలో పెట్టి చూస్తుంటే, ఏమిటని అడిగాను.

"మా ఊర్ల రెండు బోరింగులున్నయి తాతా. ఒకదాని నీళ్లు బిందెల వోస్తే గంటకు ఎర్రగైతయ్. ఇంకోదానియి కావు. నడుమ నలభై రెండు అంగలే."

"నలభై రెండని ఎలా సెప్తావు?"

"నడిచి లెక్కవెట్టిన. మూడు మాట్ల."

"కారణం ఎవర్నీ అడగలేదేటి?"

"పంచాయతీ సచివ్‌ని అడిగిన. 'పానీ ఆ రహా హై నా, పీయో' అన్నడు. నీళ్లొస్తున్నయి గద, తాగుండ్రి అని."

ఒకే దూరాన్ని మూడుసార్లు కొలిచిన మనిషిని నేను రైల్వేలో కూడా అరుదుగా చూశాను. ఆ రోజు నుంచి ఆమె చదువు సంగతి నా సంగతి అయింది. డిగ్రీ చివరి ఏడాదిలో ఆమె ఐదు విశ్వవిద్యాలయాలకు ఎమ్మెస్సీ కోసం దరఖాస్తు పెట్టింది. నాలుగు చోట్ల మామూలు భూగర్భశాస్త్రం. ఒక్కచోట మాత్రం భూగర్భజలాల మీద ప్రత్యేకమైన కోర్సు ఉంది. దాన్ని మేము ఇంట్లో నీళ్ళ కోర్సు అనేవాళ్ళం. ఆమెకు కావలసింది అదే. ఒక బోరింగు ఎర్రగా, ఇంకొకటి తెల్లగా ఎందుకుందో చెప్పే చదువు ఆ ఐదింటిలో అదొక్కటే. మిగతా నాలుగూ రాకపోతే ఎలా అన్న భయానికి పెట్టినవి.

మే ఇరవైన మొదటి తిరస్కారం వచ్చింది. ఇరవై రెండున రెండోది, ఇరవై ఆరున మూడోది. మూడు ఉత్తరాలకూ వరస ఒక్కటే. ముందు దరఖాస్తు పెట్టినందుకు ధన్యవాదాలు. తర్వాత ఈ ఏడాది మునుపెన్నడూ లేనంతమంది దరఖాస్తు పెట్టారన్న వాపోత. ఆ తర్వాత విచారం. చివర ఉజ్జ్వల భవిష్యత్తు. విచారపడిన వారెవరో కింద సంతకం లేదు. మునుపెన్నడూ లేనంతమంది అంటే ఎంతమంది? అంకె వేసి ఉంటే నమ్మేవాణ్ని. అంకె లేని వాక్యాన్ని నేను సమాచారం కింద జమకట్టను. అయినా ఉత్తరం ఉత్తరమే. వచ్చిన దానికి జవాబు పోవాలి.

మొదటిది వచ్చిన రోజే, జవాబు ఎలా ఉండాలో తెలుసుకుందామని కంప్యూటరులో వెతికి పదకొండు వ్యాసాలు చదివాను. సీటు వచ్చినా రాకపోయినా విశ్వవిద్యాలయాలకు కృతజ్ఞతలు చెప్పే మర్యాద మీద లోకంలో ఇంతమంది ఇంత రాశారని నాకు అంతవరకు తెలియదు. ఇరవై నాలుగు గంటల్లో రాయాలని నాలుగు వ్యాసాలు చెప్పాయి. రెండు రోజులు ఆగాలి, లేకపోతే ఆత్రం బయటపడుతుందని మూడు చెప్పాయి. తిరస్కారానికి జవాబు అక్కరలేదని రెండు. తిరస్కరించినందుకు తప్పక కృతజ్ఞతలు చెప్పాలి, అలా చెప్పినవాళ్ళను వచ్చే ఏడాది గుర్తుపెట్టుకుంటారని ఒకటి. పదకొండో వ్యాసం సగం దాకా కృతజ్ఞత గురించి చెప్పి, మిగతా సగంలో జుట్టు రాలడం ఎలా ఆపాలో చెప్పింది. నేను పదో వ్యాసాన్ని తీసుకున్నాను. నా జీవితంలో మెజారిటీని కాదని తీసుకున్న నిర్ణయాలు రెండే. మొదటిది ఇక్కడ అప్రస్తుతం.

లేఖ నమూనా నేనే తయారుచేశాను. మా పద్ధతి ప్రకారం, వచ్చిన మాటను తిరిగి చెప్పడంతో మొదలవుతుంది. "మీరు ఫలానా తేదీన, ఫలానా వేళకు పంపిన నిర్ణయం అందినది. నేను మీ కోర్సుకు ఎంపిక కాలేదని ధ్రువీకరిస్తున్నాను. నా దరఖాస్తును పరిశీలించినందుకు కృతజ్ఞురాలిని." దాన్ని ఇంగ్లీషులో పెట్టి ఆమెకు చూపించాను. ఆమె రెండుసార్లు చదివింది.

"ఏంది తాతా ఇది? వాళ్లు నన్ను వద్దన్నరు. నన్ను వద్దన్నట్టు నేనే సంతకం వెట్టాల్నా?"

"వద్దన్నారని నీకు తెలిసినట్టు వాళ్ళకి తెలియాల కదమ్మా."

"తెల్వకుంటే ఏమైతది? నేను బ్యాగేసుకొని పోయి వాళ్ల క్లాసుల కూసుంటనా?"

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది. "ఏటండీ, లెంపకాయ కొట్టినోడికి సెయ్యి నొప్పెట్టిందేమో కనుక్కుని మరీ రాయించండి. కింద 'మరల దయచేయగలరు' అని కూడా పెట్టించండి."

అమ్మాయి నవ్వింది, నేను నవ్వలేదు, లేఖలు వెళ్ళాయి. తిరస్కారం అందిన ఇరవై నాలుగు గంటల్లో ఒక్కొక్కటి. మూడింటిలో ఒక్కదానికే జవాబు వచ్చింది. "మీ సమస్యను మూడు పనిదినాలలో పరిష్కరిస్తాము" అని ఉంది అందులో. మూడు పనిదినాల తర్వాత అదే చోటు నుంచి ఇంకొక ఉత్తరం. "మీ సమస్య పరిష్కారమైందా? అవును, కాదు." అమ్మాయి కాదు అన్నదాని మీద నొక్కింది. దానికి కూడా ధన్యవాదాలు వచ్చాయి.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని వాళ్ళింట్లో మర్యాద ఎలా ఉంటుందో ఆమె చెప్పింది. "మా వాళ్లల్ల థాంక్స్ అనుడు ఉండదు తాతా. నిరుడు మా విత్తనాలు పురుగు వట్టినయ్. పక్కచేను ఆమె ఒక గంప తెచ్చి ఇంట్ల వెట్టి పోయింది. మా అమ్మ ఒక్క మాటనలే. ఆమె దుక్కికి పోయి నాలుగు దినాలు చేసొచ్చింది."

"మరి ఆవిడకి మీ అమ్మ మనసులో ఏటుందో ఎలా తెలుస్తాది?"

"నాలుగు దినాలు ఎదురుంగనే ఉన్నది గద. ఇంగేం తెల్వాలె?"

ఈ పద్ధతిలో ధ్రువీకరణకు ఎక్కడా చోటు లేదని నేను అన్నాను. వివరంగా, బహుశా ఇరవై నిమిషాలు అన్నాను. ఆమె ఓపికగా విన్నది.

జూన్ నాలుగున నాలుగో విశ్వవిద్యాలయం సీటు ఇచ్చింది. మామూలు భూగర్భశాస్త్రం, హిందీ రాష్ట్రంలో, హాస్టలుతో సహా. దాన్ని రాళ్ళ కోర్సు అన్నాం. ఇరవై నాలుగో తేదీ లోపు పోర్టల్‌లోకి వెళ్ళి సమ్మతి తెలపాలి. జూన్ ఆరున నీళ్ళ కోర్సు వాళ్ళు వెయిటింగ్ లిస్టులో నాలుగో స్థానం ఇచ్చారు. రెండింటికీ కృతజ్ఞతా లేఖలు పంపాం. సీటు ఇచ్చినందుకు ఒకటి, ఇస్తారో ఇవ్వరో చెప్పనందుకు ఒకటి. "నేను మీ జాబితాలో నాలుగవదాననని ధ్రువీకరిస్తున్నాను" అన్న వాక్యం ఆమెతో నేనే టైపు చేయించాను.

ఈ రెండో లేఖకు నీళ్ళ కోర్సు కార్యాలయం నుంచి నిమిషం తిరక్కుండా జవాబు వచ్చింది. "మీ సందేశం అందినది. మీ నంబరు 40655." నేను ఆ జవాబును చాలాసేపు చూశాను. ఇన్నాళ్ళకు, విశ్వవిద్యాలయాలలో కూడా, మాట అందిందని చెప్పి దాని మీద ఒక అంకె వేసి ఇచ్చేవాళ్ళున్నారు. డైరీలో రాసుకున్నాను. మా ఆవిడను పిలిచి చూపించాను. ఆమె అంకె వైపు కాకుండా నా మొహం వైపు చూసి, "మీకింక పండగే" అంది.

జూన్ పదకొండు, బుధవారం, ఉదయం తొమ్మిది నలభై రెండుకు నీళ్ళ కోర్సు నుంచి ఉత్తరం వచ్చింది. పైన ముగ్గురు తప్పుకున్నారు, సీటు మీకు ఇస్తున్నాం, పద్దెనిమిదో తేదీ సాయంత్రం అయిదు లోపు పోర్టల్‌లో సమ్మతి బటన్ నొక్కాలి. అమ్మాయి వెనక గదిలోంచి చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చింది. మూడేళ్ళలో ఆమె పరుగెత్తడం నేను చూడలేదు. మా ఆవిడను పట్టుకుని గిరగిరా తిప్పింది. మా ఆవిడ "ఒసే, నడుం, నడుం" అని అరుస్తూనే నవ్వింది.

"తాతా, బటన్ నొక్కాలె" అంది.

"నొక్కుదాం. ముందు ఉత్తరం. మనుషులకి ముందు, మిషన్లకి తర్వాత."

ఆ వాక్యం నాదే. దాన్ని తగ్గించి రాయదలచుకోలేదు.

రెండు లేఖలు రాశాం. ఒకటి నీళ్ళ కోర్సుకు. సీటు అందినది, స్వీకరిస్తున్నాను, కృతజ్ఞతలు. రెండోది రాళ్ళ కోర్సుకు. మీ సీటు వద్దు, కృతజ్ఞతలు. రెండోదానికి తొందరేమిటి, ఇరవై నాలుగు దాకా గడువుంది కదా అని అమ్మాయి అడిగింది. రాని రైలు కోసం లైను పట్టుకు కూర్చోవడం అమర్యాద, ఆ సీటు కోసం ఇంకెక్కడో ఒక పిల్ల ఎదురుచూస్తూ ఉంటుందని చెప్పాను. పదకొండు వ్యాసాలలో ఏడు ఆ మాటే చెప్పాయి కూడా. ఆమె ఒప్పుకుంది. మధ్యాహ్నం పన్నెండు పదిహేనుకు రెండూ వెళ్ళాయి.

పన్నెండు పదహారుకు నీళ్ళ కోర్సు జవాబు. "మీ సందేశం అందినది. మీ నంబరు 40718."

అయిదు రోజుల కిందట 40655, ఇప్పుడు 40718. తేడా అరవై మూడు. అంటే రోజుకు పన్నెండు పదమూడు ఉత్తరాలు, ఒక్కటీ వదలకుండా, వరస తప్పకుండా నమోదు చేస్తున్నారు. ఆ కార్యాలయంలో ఎవరో నాలాంటి మనిషి ఉన్నాడనిపించింది. కళ్ళజోడు, ఎర్ర సిరా, చెక్క స్కేలుతో సహా కనపడ్డాడు.

అప్పుడు బటన్ నొక్కబోతే పోర్టల్ తెరుచుకోలేదు. సాయంత్రం దాకా ప్రయత్నించింది. మర్నాడు పొద్దున్నే ఆమె ఊరికి వెళ్ళాలి. తొలకరి పడింది, దుక్కి మొదలైంది. వాళ్ళ ఊళ్ళో ఫోను మోగుతుంది గాని ఇంటర్నెట్ రాదు. బస్సెక్కే ముందు పాస్‌వర్డు ఒక కాగితం మీద రాసి ఇచ్చి, "తాతా, పోర్టల్ తెరుచుకోంగనే నొక్కు. మర్వకు" అంది.

నేను మరవలేదు. అదే ఇక్కడ గమనించవలసిన విషయం. మరిచిపోయిన మనిషిని క్షమించవచ్చు. నేను ఆలోచించి నొక్కలేదు. పన్నెండో తేదీ సాయంత్రానికి పోర్టల్ తెరుచుకుంది, బటన్ కనపడింది, దాని పక్కన నిబంధనలు పద్నాలుగు కనపడ్డాయి. స్వీకరిస్తున్నట్టు రాతపూర్వకంగా తెలిపాం. అందినట్టు అంకె వచ్చింది. ఒకసారి అంకె వచ్చిన మాటను మళ్ళీ ఇంకొక దారిలో పంపితే మా పనిలో దాన్ని గందరగోళం అంటారు. ఒకే రైలుకు రెండు అంకెలు పుట్టించిన వాడికి మెమో వచ్చేది. నేను కంప్యూటరు కట్టేశాను.

పదిహేనున ఆమె ఫోను చేసింది. వెనక ఎద్దులను అదిలిస్తున్న కేకలు వినిపిస్తున్నాయి.

"బటన్ నొక్కినవా తాతా?"

"అయిపోనాదమ్మా. నంబరు కూడా ఇచ్చీసినారు."

"నొక్కినవా?"

"నంబరు వచ్చిందంటే అయిపోయినట్టే. నాను సెప్తన్నాను కదా."

ఆమె ఎద్దులను ఒకసారి అదిలించింది. తర్వాత, "సరే, నువ్వు జెప్తే అయినట్టే" అంది. దగ్గరుండి బోరింగుల మధ్య దూరం మూడుసార్లు కొలిచిన పిల్ల, నా మాటను ఒక్కసారే కొలిచి వదిలేసింది.

పంతొమ్మిదో తేదీ పొద్దున ఉత్తరం వచ్చింది. గడువులోగా మీరు సమ్మతి తెలపనందున సీటు రద్దయినది. మా కోర్సు పట్ల మీరు చూపిన ఆసక్తికి ధన్యవాదాలు.

నేను ఫోను చేసి చెప్పాను. వినగానే ఆమె ఫోను పెట్టేసింది. మర్నాడు మధ్యాహ్నానికి ఎర్రబోరులో బస్సెక్కి సుక్మా మీదుగా వచ్చేసింది. కాళ్ళకు మట్టి ఇంకా అలాగే ఉంది. నేను డైరీ, నకళ్ళు, రెండు జవాబుల ప్రింట్లు బల్ల మీద వరసగా పేర్చి ఉంచాను. ఇంత సాక్ష్యం ఉండగా రద్దు చేయడం చెల్లదని నా నిశ్చయం. ఆమె వాటి వైపు చూడలేదు. నీళ్ళ కోర్సు కార్యాలయానికి ఫోను కలిపి, అందరికీ వినపడేలా పెట్టి, నా ముందుకు తోసింది.

అవతల ఒక గుమాస్తా, తెలుగువాడే. మర్యాదగానే మాట్లాడాడు. నేను తేదీ, వేళ, నంబరు చదివాను. 40718 అన్నాను. ఒక్కొక్క అంకె విడదీసి మళ్ళీ అన్నాను.

"ఆ నంబరు కంప్యూటర్ ఇస్తుందండీ" అన్నాడు.

"ఎవరు ఇచ్చినా, అందినట్టే కదండీ?"

"అందుతుందండీ. మీరు 'అన్నం తిన్నారా' అని రాసినా అందుతుంది. దానికీ ఒక నంబరు వస్తుంది."

"మరి ఆ ఉత్తరాలు ఎవరు సూస్తారు?"

"చూసే మేడమ్‌కు బదిలీ అయిందండీ. ఏడు నెలలైంది."

"అయితే మా ఉత్తరం ఏటైంది?"

"ఉంటుందండీ. ఎక్కడికీ పోదు."

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుకో, ఇంకొక దానికో నేను చూడలేదు. నా రోజుకు పన్నెండు పదమూడు లెక్క, ఎర్ర సిరా, చెక్క స్కేలు, అన్నీ ఆ ఒక్క నిమిషంలో పోయాయి. అమ్మాయి ఫోను తన వైపు తిప్పుకుంది. నమస్కారం కూడా పెట్టలేదు.

"సార్, తప్పు మాదే. బటన్ నొక్కలే. ఆ సీటు ఎవరికన్న ఇచ్చిండ్రా?"

"తర్వాతి నంబరుకు వెళ్ళిందమ్మా, అయిదో ఆవిడకు. నిన్న పొద్దున పంపాం."

"ఆమె నొక్కిందా?"

"పదకొండు నిమిషాల్లో నొక్కేసింది."

"ఆమె మీకు థాంక్స్ రాసిందా?"

"లేదమ్మా. ఎవరూ రాయరు."

"ఇంగ ఖాళీలు?"

"లేవు. వచ్చే ఏడాది చూసుకో తల్లీ."

ఫోను పెట్టేశాక ఆమె నా వైపు చూసింది. అరిచి ఉంటే బాగుండేది. "నాకు ఆ నీళ్ల చదువు గావాలె తాతా. నీకు ఎరికే గద. ఒక్క బటన్" అంది. అంతే. లేచి వెనక గదిలోకి పోయింది.  నేను రాసి చూపించగలిగినదంతా బల్ల నిండా ఉంది.

మా ఆవిడ ఆ కాగితాలన్నీ ఒక్క చేత్తో పక్కకు నెట్టి, కంప్యూటరు ముందు కుర్చీ లాగింది.

"ఆ రాళ్ళ కోర్సు కూడా వద్దని రాసీసినారు కదా మీరు?"

"రాశాను. పదకొండో తేదీ. పన్నెండు పదిహేనుకి."

"కృతజ్ఞతలతో?"

"కృతజ్ఞతలతో."

"ఆ ఉత్తరం మాత్రం ఎవడు సదివుంటాడు? తెరవండి ముందు."

నేను అలా ఆలోచించి ఉండను. ఒక ఉత్తరం ఎవరూ చదవలేదని తేలితే, మిగతా ఆరు చదివారని నమ్మడానికి ఆధారం లేదు. ఇది సామాన్యమైన లెక్క. నాకు తట్టలేదు. అమ్మాయిని పిలిచాం. పోర్టల్ తెరిచింది. తెర మీద నీలం పెట్టెలో ఉంది, "సీటు ఇవ్వబడినది. మీ సమ్మతి కోసం వేచి ఉన్నాము. మిగిలిన గడువు: నాలుగు రోజులు." ఆ సీటు వద్దని మేము అంత మర్యాదగా, అంత వివరంగా, ఇంకెవరో పిల్ల మేలు కోరి రాసిన ఉత్తరం ఏ పెట్టెలో పడి ఉందో, దాన్ని చూసే మేడమ్‌కు కూడా ఎప్పుడు బదిలీ అయిందో తెలియదు. ఆమె చదువు నిలబడింది ఆ నిర్లక్ష్యం వల్ల. ఎవరైనా ఒక్క మనిషి తన పని తాను చేసి నా ఉత్తరం తెరిచి ఉంటే, ఆమె ఆ ఏడాది తన ఊళ్ళోనే ఉండిపోయేది.

ఆమె బటన్ నొక్కింది. మూడు సెకన్లు పట్టింది.

జూలై రెండో వారంలో ప్రయాణం. సామాను కట్టుకుంటూ ఆ కోర్సు సిలబసు ప్రింటు తీసి నాకు ఇచ్చింది. నాలుగు సెమిస్టర్లు, ఇరవై పేపర్లు. నేను మొదటి పేజీ నుంచి చివరి దాకా వేలు పెట్టి చదివాను. శిలలు, ఖనిజాలు, శిలాజాలు, పర్వతాలు, గనులు. నేను వెతుకుతున్నది నాలుగో సెమిస్టరులో, ఐచ్ఛికం కింద, పద్దెనిమిదో పేపరుగా కనపడింది. భూగర్భజలాలు. నీళ్ళ కోర్సులో రెండేళ్ళూ అదే చదువు. ఇక్కడ ఇరవైలో ఒకటి. నా మర్యాద ఆమెకు మిగిల్చినది ఎంతో మొదటిసారి నాకు అంకెల్లో కనిపించింది. అంకె చూశాక కాదనడానికి నా దగ్గర ఏమీ ఉండదు.

"ఒక్కటే ఉందమ్మా" అన్నాను.

"చూసిన తాతా" అంది, బ్యాగు జిప్పు లాగుతూ. "ఒక్కటన్న ఉన్నది. దానికి మాత్రం థాంక్స్ రాయకు. అది గూడ తీసేస్తరు."